ఇండియన్స్‌కి ఇల్లు ఇవ్వం అన్నారు, చేతిలో ఇక్కడి ఐడీ లేదు: న్యూయార్క్ సిటీలో ఫిర్యాదు ఎలా?

మీ ప్రశ్నను నాకు అర్థమైనంతలో మళ్లీ రాస్తున్నాను, తప్పుంటే సరిచేయండి. క్వీన్స్‌లో ఉంటున్నారు. మీవారిది హెచ్1బి ఉద్యోగ వీసా, మీది భార్యగా వచ్చిన హెచ్4 వీసా. ఇల్లు మారదామని బ్రోకర్‌కి ఫోన్ చేస్తే, మీ పేరు, యాస వినగానే "ఓనర్ ఇండియన్స్‌కి ఇవ్వరు, మీ వంట వాసన గోడలకు పట్టేస్తుందంటారు" అన్నాడు. దీని మీద ఎవరికి ఫిర్యాదు చేయాలి, పాస్‌పోర్ట్ తప్ప వేరే ఐడీ లేదు కాబట్టి సిటీ ఐడీ కార్డు వస్తుందా, ఇవన్నీ చేస్తే వీసాకి ఏమైనా అవుతుందా అన్నవి మీ మూడు సందేహాలు.

ముందు సూటిగా చెప్పేస్తాను. ఫిర్యాదు చేయొచ్చు, న్యూయార్క్ సిటీ మానవ హక్కుల కమిషన్‌కి. పైసా ఖర్చు లేదు, లాయర్ అక్కర్లేదు, జరిగిన రోజు నుంచి ఏడాది గడువు. ఫిర్యాదు చేయడానికి సిటీ ఐడీ కార్డు ఉండాలన్న షరతు లేదు. కార్డు కావాలంటే అది వేరే పని, మీ ఇండియన్ పాస్‌పోర్ట్‌తో, అడ్రస్ చూపించే ఒక కాగితంతో వస్తుంది. ఈ రెండింటికీ, మీ వీసా ఫైలుకీ సంబంధం లేదు. కమిషన్ వాళ్లు మీ ఇమ్మిగ్రేషన్ స్టేటస్ అడగరు.

అయితే ఇవాళే ఫోన్ ఎత్తకండి. ముందు ఒక కాగితం తీసుకుని ఆ బ్రోకర్‌తో నడిచిన మాటలన్నీ, ఏ రోజు, ఎన్ని గంటలకు, అతను సరిగ్గా ఏమన్నాడు, మీరేమన్నారు, అన్నీ రాసి పెట్టుకోండి. ఎందుకో చెప్తాను.

నేను లాయర్‌ని కాదు. క్వీన్స్‌లో ఒక చిన్న సేవా సంస్థలో చాలా ఏళ్లుగా దుబాసీ పని చేస్తున్నాను. మనవాళ్లు ఎవరైనా ఇల్లు, ఉద్యోగం, స్కూలు గొడవలతో వస్తే వాళ్లతో పాటు ఆఫీసులకు వెళ్లడం, ఫారాలు నింపించడం, వాళ్ల మాట ఇంగ్లీషులోకి సరిగ్గా వెళ్లేలా చూడడం నా పని. ఇన్నేళ్లలో నేను చూసిందేమిటంటే, కేసులు ఓడిపోయేది అన్యాయం చిన్నదై కాదు, తేదీ లేక.

ఒక పెద్దాయన సంగతి చెప్తాను. కిరాణా కొట్టు ప్లాస్టిక్ సంచీలో నలభై పేజీలు పట్టుకొచ్చారు. చేతిరాతతో, ఇంగ్లీషులో, కొన్నిచోట్ల ఎర్ర ఇంకుతో. అమెరికా రాజ్యాంగం ఉంది, గాంధీ గారున్నారు, ఇంటి ఓనర్ నైజం మీద రెండు పేజీలున్నాయి. ఎదురుగా కూర్చున్న లాయరమ్మ అన్నీ ఓపిగ్గా తిరగేసి ఒకటే అడిగింది: "ఇల్లు లేదని మీకు చెప్పింది ఏ రోజు?" ఆయనకు గుర్తులేదు. "చలికాలం" అన్నారు. ఏ చలికాలం అన్నదే అక్కడ అసలు ప్రశ్న, ఏడాది గడువు కాబట్టి. చివరికి సంచీ అడుగున నలిగిపోయిన ఇరవై డాలర్ల అప్లికేషన్ ఫీజు రసీదు దొరికింది. దాని మీద తేదీ ఉంది. ఆ నలభై పేజీల్లో కేసుకి పనికొచ్చింది ఆ రసీదొక్కటే. గడువు ఇంకా పందొమ్మిది రోజులుంది.

అందుకే మీ ఫోన్‌లో ఆ కాల్ వివరం ఇవాళే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ఇల్లు ఏ వెబ్‌సైట్‌లో చూశారో ఆ పేజీది కూడా, ఎందుకంటే ఇల్లు అద్దెకు పోగానే పేజీ మాయమవుతుంది. టెక్స్ట్ మెసేజ్‌లుంటే చెరపకండి, మీరు కోపంలో పెట్టినవి ఉన్నా సరే. వాళ్లు ఎటూ చూపిస్తారు, మీరే ముందు చూపిస్తే మంచిది.

రికార్డింగ్ గురించి చాలామంది అడుగుతుంటారు. న్యూయార్క్‌లో, న్యూజెర్సీలో మీరు మాట్లాడుతున్న ఫోన్ కాల్‌ని అవతలి వాళ్లకి చెప్పకుండా రికార్డ్ చేయొచ్చు, మాట్లాడేవాళ్లలో ఒకరికి తెలిస్తే చాలు. కాలిఫోర్నియా, వాషింగ్టన్ రాష్ట్రాల్లో అలా కాదు, అందరి అనుమతీ కావాలి. సియాటెల్‌లో ఉన్న మీ అన్నయ్య ఇక్కడి సలహా విని అక్కడ రికార్డ్ చేస్తే ఆయనే ఇరుక్కుంటాడు.

ఇంకో పని కూడా మీ ఇంట్లోంచే చేయొచ్చు. మీవారి ఆఫీసులో ఇండియన్ కాని స్నేహితులెవరైనా ఉంటే, అదే ఇంటి కోసం అదే బ్రోకర్‌కి ఫోన్ చేయమనండి. మీకు లేదన్న ఇల్లు వాళ్లకి "శనివారం వచ్చి చూసుకోండి" అయితే, అంతకన్నా గట్టి సాక్ష్యం దొరకడం కష్టం. కమిషన్ కూడా ఈ పనే చేస్తుంది. వేర్వేరు పేర్లతో మనుషుల్ని పంపి, ఫోన్లు చేయించి చూస్తుంది. నేను చూసిన ఒక కేసులో మన అమ్మాయికి ఇల్లు లేదన్న ఇరవై నిమిషాలకే ఆమె రూమ్మేట్‌కి, తెల్లమ్మాయికి, అదే ఇల్లు దొరికింది. ఇద్దరి ఫోన్లూ పక్కపక్కన పెట్టి చూపిస్తే అవతలి లాయర్ ఎక్కువ వాదించలేదు.

ఇక చట్టం సంగతి. న్యూయార్క్ సిటీ మానవ హక్కుల చట్టం దేశంలోని గట్టి చట్టాల్లో ఒకటి. జాతి, రంగు, మతం, పుట్టిన దేశం, ఆడా మగా, వయసు, వైకల్యం, పెళ్లయిందా లేదా, ఇమ్మిగ్రేషన్ స్టేటస్, అద్దె కట్టే డబ్బు ఏ రూపంలో వస్తుంది, ఇలా జాబితా పెద్దది. 1986లో లైంగిక అభిరుచిని, 2002లో జెండర్ గుర్తింపును చేర్చారు. 2023లో ఎత్తు, బరువు కూడా చేర్చారు. మీ విషయం "పుట్టిన దేశం" కిందకు వస్తుంది. "వంట వాసన అన్నాడు గానీ ఇండియన్ అని నేరుగా తిట్టలేదు కదా" అని కొందరు తటపటాయిస్తారు. మీ బ్రోకర్ రెండూ ఒకే వాక్యంలో అన్నాడు, అది అతని దురదృష్టం. ఒట్టి వాసన మాటే అన్నా, మీ పేరు విన్నాకే అన్నాడు గానీ మీరేం వండుతారో అడగలేదు కదా! పోపు వాసన రావాలంటే ముందు పోపు పెట్టాలి.

ఓనర్ చెప్పమన్నాడు, నేను చెప్పాను అని బ్రోకర్ తప్పించుకోలేడు. చట్టం బ్రోకర్‌కి విడిగా వర్తిస్తుంది. ఫిర్యాదులో ఇద్దరి పేర్లూ రాయొచ్చు. బ్రోకర్ లైసెన్స్ ఇచ్చేది న్యూయార్క్ రాష్ట్ర డిపార్ట్‌మెంట్ ఆఫ్ స్టేట్, అక్కడ కూడా వేరుగా ఫిర్యాదు చేయొచ్చు. నష్టపరిహారం అక్కడ రాదు గానీ, లైసెన్స్ మాట ఎత్తితే బ్రోకర్లకి టెన్షన్ మొదలవుతుంది.

ఒక మినహాయింపు ఉంది, క్వీన్స్‌లో ఇది చాలా ముఖ్యం. రెండు కుటుంబాలు ఉండే ఇల్లు, అందులో ఒక వాటాలో ఓనర్ గానీ ఓనర్ కుటుంబం గానీ ఉంటూ, రెండో వాటాని బయట ఎక్కడా ప్రకటించకుండా తెలిసినవాళ్ల ద్వారా అద్దెకిస్తుంటే, సిటీ చట్టంలోని ఇళ్ల నిబంధన దానికి వర్తించదు. ఓనర్ తాను ఉంటున్న ఇంట్లోనే ఒక గది అద్దెకిచ్చినా అంతే. మీ విషయంలో బ్రోకర్ ఉన్నాడు, ఇల్లు లిస్టింగ్‌లో ఉందంటే ప్రకటించినట్టే, కాబట్టి ఓనర్‌కి ఆ మినహాయింపు తలుపు మూసుకుపోయినట్టే. అయినా ఇల్లు ఎన్ని కుటుంబాలది, ఓనర్ అక్కడే ఉంటారా అన్నది కనుక్కోండి. కమిషన్ వాళ్లు వివరాలు తీసుకునేటప్పుడు మొదటి ఐదు నిమిషాల్లోనే అడుగుతారు.

ఇక్కడ ఒక పక్కమాట. మనల్ని వాసన అన్నారని మనకు మండుతుంది, మండాలి కూడా. కానీ మన వాట్సాప్ గ్రూపుల్లో వచ్చే గదుల ప్రకటనలు ఎప్పుడైనా మూడో మనిషిలా చదివారా? "ఓన్లీ తెలుగు", "ఓన్లీ హిందూ వెజ్ ఫ్యామిలీ" అని ఉంటుంది. ఫోన్ చేస్తే రెండో ప్రశ్న "మీ ఇంటిపేరేంటండీ?", మూడోది "ఏ ఊరు, ఊళ్లో ఏ వీధి?" ఆ వీధి ప్రశ్న ఎందుకో అడిగేవాడికీ తెలుసు, చెప్పేవాడికీ తెలుసు. ఓనర్ ఉండే ఇంట్లో గదికి సిటీ మినహాయింపు ఉన్నా, మతాన్ని, దేశాన్ని బట్టి ఇస్తామని ప్రకటన వేయడాన్ని ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. శాకాహారం అన్న షరతు మటుకు ఏ జాబితాలోనూ లేదు, కానీ దాని వెనక మతమో కులమో దాక్కుందని తేలితే అది శాకాహారంగా మిగలదు.

కులం అన్న మాట న్యూయార్క్ సిటీ జాబితాలో విడిగా లేదు. దాన్ని చట్టంలో పేరు పెట్టి నిషేధించిన మొదటి అమెరికా నగరం సియాటెల్. 2023 ఫిబ్రవరి 21న కౌన్సిల్‌లో 6-1 ఓట్లతో నెగ్గింది, ప్రతిపాదించింది అప్పటి కౌన్సిల్ సభ్యురాలు క్షమా సావంత్. అదే ఏడాది సెప్టెంబరులో కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో నగరం కూడా చేసింది. కాలిఫోర్నియా రాష్ట్రమంతటికీ తెచ్చిన బిల్లును మాత్రం అక్టోబరులో గవర్నర్ గావిన్ న్యూసమ్ వీటో చేశారు, ఉన్న చట్టాలు చాలన్నది ఆయన మాట. న్యూయార్క్‌లో ఎవరైనా కులం పేరుతో ఇబ్బంది పెడితే మతం, పుట్టిన దేశం, జాతి అన్న పద్దుల కింద వాదించుకోవాలి. దారి ఉంది గానీ సియాటెల్‌లో ఉన్నంత నేరుగా లేదు. ఇలాంటిదేదైనా ఉంటే ఒంటరిగా ఫారం నింపకండి, ముందు ఉచిత న్యాయ సహాయ సంస్థ లాయర్‌తో మాట్లాడండి.

ఫిర్యాదు ఎలా నడుస్తుందంటే: సిటీ సేవల నంబర్ 311కి ఫోన్ చేసి మానవ హక్కుల కమిషన్ కావాలనండి, లేదా వాళ్ల వెబ్‌సైట్‌లో ఫారం నింపండి. తర్వాత వాళ్ల వైపు నుంచి ఒకరు మాట్లాడి వివరాలు తీసుకుంటారు. ఇల్లు ఇంకా ఖాళీగా ఉంటే ఆ మాట మొట్టమొదటి ఫోన్‌లోనే చెప్పండి. ఒక్కోసారి వాళ్లు ఫిర్యాదు రాయకముందే ఓనర్‌కో బ్రోకర్‌కో ఫోన్ చేసి విషయం తేల్చడానికి చూస్తారు. ఇల్లు వేరేవాళ్లకి పోయాక ఆ అవకాశం ఉండదు. అలా తేలకపోతే లిఖిత ఫిర్యాదు తయారవుతుంది, మీరు ప్రమాణం చేసి సంతకం పెడతారు, అవతలి వాళ్లకి కాపీ వెళ్తుంది, వాళ్లు 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆపైన విచారణ. ఆధారం ఉందని కమిషన్ నమ్మితే, వేరే ట్రిబ్యునల్‌లో జడ్జి ముందుకు వెళ్తుంది. సిటీ వేసే జరిమానా 125,000 డాలర్ల దాకా, కావాలని కక్షతో చేశారని తేలితే 250,000 దాకా ఉండొచ్చు. ఆ అంకెలు చూసి కళ్లు పెద్దవి చేసుకోకండి, అది సిటీ ఖజానాకి వెళ్లే డబ్బు. మీకు వచ్చే నష్టపరిహారం వేరు, నేను చూసిన కేసుల్లో అది మామూలు మొత్తాలే. చాలావాటికి మధ్యలోనే రాజీ కుదిరింది: కొంత డబ్బు, బ్రోకర్‌కి శిక్షణ, ఆఫీసు గోడ మీద ఒక నోటీసు. ఏడాది దాటిపోవడం మామూలు. ఆ లోపు మీరు వేరే ఇంట్లో గృహప్రవేశం కూడా చేసేసి ఉంటారు.

కోర్టుకి వెళ్లే దారి కూడా ఉంది, సిటీ చట్టం కింద మూడేళ్ల గడువు. రాష్ట్ర మానవ హక్కుల విభాగానికి కూడా, 2024 ఫిబ్రవరి 15 నుంచి జరిగిన వాటికి మూడేళ్లు ఇచ్చారు. కానీ ఒకే విషయం మీద కమిషన్‌లో ఒకటి, కోర్టులో ఒకటి నడపనివ్వరు. ఒక తలుపు ఎంచుకుంటే రెండోది చాలావరకు మూసుకుంటుంది. మీ విషయం లాంటి వాటికి కమిషనే నయం అంటాను. ఉద్యోగం పోయి, పెద్ద మొత్తం నష్టపోయినవాళ్లు మాత్రం ఎక్కడా సంతకం పెట్టకముందే లాయర్‌ని అడగాలి.

భాష గురించి. సిటీ ఆఫీసుల్లో కాగితాలు తప్పనిసరిగా అనువదించే భాషలు పది: స్పానిష్, చైనీస్, రష్యన్, బెంగాలీ, హైతీ క్రియోల్, కొరియన్, అరబిక్, ఉర్దూ, ఫ్రెంచ్, పోలిష్. తెలుగు లేదు, హిందీ కూడా లేదు. కానీ ఫోన్‌లో దుబాసీని అడిగే హక్కు ఏ భాష వాళ్లకైనా ఉంది. అడిగేటప్పుడు "ఇండియన్ ఇంటర్‌ప్రెటర్" అనకండి, హిందీ వాళ్లని కలిపేస్తారు. "తెలుగు" అని నిదానంగా, రెండుసార్లు చెప్పండి.

ఇంట్లో పిల్లలతో అనువాదం చేయించడం నాకు బొత్తిగా ఇష్టం ఉండదు. ఒకావిడ తరఫున కొడుకు మాట్లాడాడు, ఇక్కడే పుట్టి పెరిగిన బంగారం లాంటి పిల్లాడు. ఆవిడ తెలుగులో "చెక్కు చేతికిస్తే తీసుకోలేదమ్మా, రెండు వేళ్లతో అంచు పట్టుకుని నేల మీద పడేశాడు, నేను వంగి తీసుకున్నా" అంది. పిల్లాడు ఇంగ్లీషులో "ఆయన అమ్మతో మర్యాదగా ప్రవర్తించలేదు" అన్నాడు. అమ్మ వంగి తీసుకుందని చెప్పడానికి వాడికి నోరు రాలేదు. నేను పక్కనుండి మళ్లీ చెప్పించాను. విచారణాధికారి పెన్ను ఆగి, తర్వాత చాలాసేపు రాసింది. ఆ చెక్కు మీద బూటు మరక ఇంకా ఉంది. సిటీ చట్టంలో కొలత ఏమిటంటే, ఫలానా గుర్తింపు వల్ల మిమ్మల్ని మిగతావాళ్లకన్నా తక్కువగా చూశారా అన్నదే. ఫెడరల్ చట్టంలోలాగా వేధింపు తీవ్రమైనదా, పదే పదే జరిగిందా అని తూకం వేయరు. అందుకే ఇలాంటి చిన్న వివరాలు ఉన్నవి ఉన్నట్టు చెప్పాలి.

ఇప్పుడు కార్డు. పేరు ఐడీఎన్‌వైసీ, 2015 జనవరిలో మొదలైంది. నగరంలో ఉంటూ పదేళ్లు నిండిన ఎవరికైనా ఇస్తారు, వీసా ఏదని అడగరు, ఉచితం, ఐదేళ్లు చెల్లుతుంది. మొత్తం నాలుగు పాయింట్లు కావాలి, అందులో మూడు మీరెవరో చూపడానికి, ఒకటి నగరంలో ఉంటున్నట్టు చూపడానికి. మన పాస్‌పోర్ట్‌కి మూడు పాయింట్లు. మిగిలిన ఒక్క పాయింట్ దగ్గరే హెచ్4 ఆడవాళ్లు చాలామంది ఆగిపోతారు, ఎందుకంటే కరెంటు బిల్లు, లీజు, బ్యాంకు అన్నీ భర్త పేరు మీదే ఉంటాయి. లీజులో మీ పేరు కూడా రాయించుకోండి, లేదా జాయింట్ అకౌంట్ తెరిచి స్టేట్‌మెంట్ ఇంటి అడ్రస్‌కి తెప్పించుకోండి. ఇది కార్డు కోసమే అనుకోకండి. రేపు ఏ ఫారం నింపినా ఈ ఊళ్లో మీరున్నట్టు మీ పేరుతో ఒక కాగితం కావాలి.

కార్డుతో ఏమొస్తుంది? స్కూల్లో పిల్లల్ని తీసుకొచ్చేటప్పుడు, సిటీ ఆఫీసుల సెక్యూరిటీ దగ్గర, పోలీసులు అడిగితే చూపించవచ్చు. మూడు లైబ్రరీ వ్యవస్థలకీ అదే కార్డు. కొన్ని మ్యూజియాల్లో, జూల్లో ఏడాది మెంబర్‌షిప్ ఉచితం. ఆ మ్యూజియాల ఆశ ఊరికే పెట్టలేదు. కార్డు ఒట్టి కాగితాల్లేని వలసదారులే తీసుకుంటే, అది చూపించగానే "ఓహో, ఈయనకి కాగితాల్లేవు" అని తెలిసిపోతుంది. అందరూ తీసుకుంటే ఆ ముద్ర పడదని అలా చేశారు. 2016 చివర్లో ఆ కార్డు రికార్డుల మీద కోర్టు కేసు నడిచింది, అప్పటి నుంచి కొత్త దరఖాస్తుదారుల పాస్‌పోర్ట్ లాంటి కాగితాల కాపీలు దాచుకోవడం సిటీ మానేసింది. చూసి వెనక్కిస్తారు.

ఏం రాదంటే: డ్రైవింగ్‌కి పనికిరాదు, విమానానికి పనికిరాదు. ఒకబ్బాయి పాస్‌పోర్ట్ ఇంట్లో పెట్టేసి ఈ కార్డుతో డాలస్ ఫ్లైట్‌కి వెళ్లి వెనక్కొచ్చాడు. పెద్ద బ్యాంకులు చాలావరకు దీన్ని ముఖ్యమైన ఐడీగా తీసుకోవు, కొన్ని చిన్న బ్యాంకులు, క్రెడిట్ యూనియన్లు తీసుకుంటాయి. మీకు నిజంగా కావాల్సింది రోజువారీ ఐడీ అయితే, డ్రైవింగ్ నేర్చుకుని రాష్ట్ర లైసెన్స్ తీసుకోండి. 2019 డిసెంబరు నుంచి న్యూయార్క్‌లో మామూలు లైసెన్స్‌కి సోషల్ సెక్యూరిటీ నంబర్ తప్పనిసరి కాదు.

కార్డులో నాకు బాగా నచ్చే సంగతి ఒకటుంది. జెండర్ గడిలో ఏం రాయాలో దరఖాస్తుదారు ఇష్టం, డాక్టర్ కాగితం అడగరు. 2019 నుంచి ఆడా, మగా కాక 'ఎక్స్' అని కూడా పెట్టుకోవచ్చు. కోస్తా నుంచి వచ్చిన ఒక ట్రాన్స్ మహిళతో పాటు వెళ్లాను. పాస్‌పోర్ట్‌లో మగ అని ఉంది, చీర కట్టుకుని వెళ్లింది. కౌంటర్‌లో అమ్మాయి పాస్‌పోర్ట్ చూసి, మనిషిని చూసి, "కార్డు మీద ఏం వేయమంటారు?" అంది, అంతే. పేరు మాత్రం పాస్‌పోర్ట్‌లో ఉన్నదే వేశారు, దానికి పేరు మార్చుకున్న కాగితం కావాలి. బయటికొచ్చాక ఆవిడ సమోసాలు తింటూ, కార్డు పోస్టులో ఎన్నాళ్లకొస్తుందని నన్ను మూడుసార్లు అడిగింది.

వీసా భయం గురించి ఇంకాస్త. ఇంటి ఓనర్ మీద సిటీలో ఫిర్యాదు చేస్తే హెచ్4కి ఏమీ కాదు. ఓనరే "ఇమ్మిగ్రేషన్ వాళ్లకి చెప్తా" అని బెదిరిస్తే అది చట్టప్రకారం మరో తప్పు, అదీ రాసి పెట్టుకోండి. ఫిర్యాదు చేశారని కక్ష సాధిస్తే, మొదటి ఫిర్యాదు నిలబడకపోయినా ఆ కక్ష మీద వేసింది నిలబడొచ్చు. ఉద్యోగం విషయం మాత్రం వేరు. నలుగురు, అంతకు మించి పనివాళ్లున్న కంపెనీలకి సిటీ చట్టం వర్తిస్తుంది, కక్ష సాధింపు నిషేధమే. కానీ కంపెనీ తీసేస్తే హెచ్1బి వాళ్లకి మామూలుగా ఉండే వ్యవధి 60 రోజులు. కేసు గెలిచేసరికి ఆ 60 రోజులు ఎప్పుడో అయిపోతాయి. ధైర్యం చెప్పడం నాకు తేలికే, అద్దె కట్టేది మీరు. కాబట్టి మీవారి ఆఫీసు మీద ఏదైనా ఉంటే ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్, తర్వాతే కమిషన్.

మీరు చివర్లో "లేదంటే ఎడిసన్ వెళ్లిపోదాం అనుకుంటున్నాం" అని రాశారు. వెళ్లండి, కానీ సిటీ చట్టం హడ్సన్ నది దాటదు. న్యూజెర్సీలో రాష్ట్ర పౌరహక్కుల విభాగానికి ఫిర్యాదు చేయాలి, అక్కడ గడువు 180 రోజులే. ఏడాది ఉందిలే అనుకుని పోగొట్టుకున్నవాళ్లని చూశాను. న్యూజెర్సీలో ఉంటూ మన్‌హట్టన్‌లో ఉద్యోగం చేస్తే, ఆ ఉద్యోగం మట్టుకు న్యూయార్క్ సిటీ చట్టం కాపాడుతుంది, ఐడీ కార్డు మాత్రం ఇవ్వరు. లాంగ్ ఐలాండ్‌లో హిక్స్‌విల్ వెళ్లినా సిటీ బయటే. ఫ్లోరల్ పార్క్ అయితే మరీ తమాషా, ఆ పేరు సరిహద్దుకి ఇటూ ఉంది, అటూ ఉంది. ఇల్లు ఏ వైపో చూసుకోండి.

అన్నిటికీ కమిషనే దారి అని కూడా అనుకోకండి. హీటర్ పనిచేయకపోతే 311కి చెప్తే ఇళ్ల శాఖ చూసుకుంటుంది. హెచ్1బి వాళ్లని కన్సల్టెన్సీ ప్రాజెక్టు లేదని బెంచ్ మీద కూర్చోబెట్టి జీతం ఎగ్గొడితే ఫెడరల్ కార్మిక శాఖకి, డబ్ల్యూహెచ్-4 అనే ఫారంతో, ఏడాది లోపు. ఎవరైనా చేయి చేసుకుంటే 911. ఇంకొకటి, మీరడగకపోయినా చెప్తున్నాను: కొత్తగా వచ్చారు, క్రెడిట్ స్కోరు లేదని ఆరు నెలల అద్దె ముందే అడిగే ఓనర్లున్నారు. న్యూయార్క్ రాష్ట్రంలో 2019 నుంచి మామూలు అద్దె ఇళ్లకి డిపాజిట్ గానీ అడ్వాన్స్ గానీ ఒక నెల అద్దెకి మించి తీసుకోకూడదు, అప్లికేషన్ కోసం తీసుకునే క్రెడిట్, బ్యాక్‌గ్రౌండ్ చెక్ ఫీజు ఇరవై డాలర్లకి మించకూడదు. తర్వాతి ఇంటికి వెళ్లేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

ప్రస్తుతానికి మూడు విషయాలు కనుక్కుని ఇక్కడే రాయండి: ఆ కాల్ తేదీ, ఇల్లు ఎన్ని కుటుంబాలది, లిస్టింగ్ ఇంకా కనిపిస్తోందా. బ్రోకర్ పేరు, నంబర్, ఇంటి అడ్రస్ మాత్రం ఇక్కడ పెట్టకండి, అవి కమిషన్‌కి చెప్పాల్సినవి. నేను శనివారం పొద్దున చూసి జవాబిస్తాను.